చిట్టినేరేడు గుజ్జులో ఆంథోసయనిన్ల కొలత: పీహెచ్ 4.5 దగ్గర రంగు పోవడం లేదు

నల్లమల_పండు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అడవిలో కాసే చిట్టినేరేడు తీసుకున్నాం. పోలికకు వాక్కాయ, పరికి పండ్లు కూడా ఉన్నాయి. గుజ్జులో మొత్తం ఆంథోసయనిన్లు (పండుకి ఎరుపు, ఊదా రంగునిచ్చేవి), మొత్తం పాలీఫినాల్స్ (ఆంథోసయనిన్లు, టానిన్ల లాంటి మొక్కల పదార్థాలు), యాంటీఆక్సిడెంట్ చర్య కొలవాలి.

ఇప్పటిదాకా చేసింది ఇది: 5 గ్రాముల గుజ్జుకి 80 శాతం మెథనాల్ 25 మి.లీ. చొప్పున రెండుసార్లు వేసి, వడగట్టి, 50 మి.లీ.కి సరిచేశాం. ఆ మెథనాల్‌లో 1 శాతం గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంది. తర్వాత పీహెచ్ డిఫరెన్షియల్ పద్ధతి, అంటే రెండు పీహెచ్‌లలో శోషణ చదివి తేడా తీయడం. 1 మి.లీ. ఎక్స్‌ట్రాక్ట్‌కి 1 మి.లీ. బఫర్ కలిపి 520 నానోమీటర్ల దగ్గర చదివితే పీహెచ్ 1.0లో 2.31, పీహెచ్ 4.5లో 0.94 వచ్చాయి. 4.5లో రంగు దాదాపు పోవాలి కదా, మాకు గులాబీగానే ఉంటోంది. బఫర్ రెండుసార్లు కొత్తగా కలిపినా అంతే.

ఇంకోటి, యాంటీఆక్సిడెంట్ చర్యకి చేసే డీపీపీహెచ్ పరీక్షలో (దాని ఊదా రంగు ఎంత తగ్గిందో చూస్తాం) ఎక్స్‌ట్రాక్ట్ పెంచేకొద్దీ నిరోధం శాతం పెరగాల్సింది పోయి ఒక దశ తర్వాత తగ్గుతోంది. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పగలరా?

కువెట్:
700 దగ్గర రీడింగ్ రాయలేదేం? బ్లాంక్ (రీడింగ్ సున్నాకి సరిచేసే ద్రవం) దేనితో పెట్టారు?

నల్లమల_పండు:
బ్లాంక్ డిస్టిల్డ్ వాటర్ అండీ. 700 దగ్గర చదవలేదు.

బఫర్_బాబాయ్:
బ్లాంక్ సరిగ్గానే ఉంది. మీ బఫర్ తప్పేమీ లేదు, తప్పు కలిపిన పాళ్ళలో ఉంది. లెక్క వేసి చూద్దాం.

పీహెచ్ 4.5 బఫర్‌లో అసిటేట్ మొత్తం 0.4 మోలార్. దాన్ని సగానికి సగం పలచన చేశారు కాబట్టి కువెట్‌లో (రీడింగ్ తీసే చిన్న పాత్ర) 0.2 మోలార్. ఆ పీహెచ్ దగ్గర ఇందులో 35 శాతమే అసిటేట్ అయాన్, అంటే 0.071 మోలార్. మిగతాది అసిటిక్ ఆసిడ్. ఇప్పుడు మీ ఎక్స్‌ట్రాక్ట్ వైపు చూడండి. 1 శాతం గాఢ హైడ్రోక్లోరిక్ అంటే 0.12 మోలార్, సగం పలచనైతే 0.06. ఈ 0.06 వెళ్ళి 0.071లో అధిక భాగాన్ని తినేస్తుంది, మిగిలేది 0.011. పీహెచ్ 3.5 దగ్గరికి పడిపోతుంది. సీసా మీద 4.5 అని ఉంటుంది గానీ మీరు చదువుతున్నది 3.5లో. అక్కడ ఆంథోసయనిన్ ఎర్ర రూపం (ఫ్లావీలియం) ఇంకా కొంత బతికే ఉంటుంది. పైగా కువెట్‌లో 40 శాతం మెథనాల్. దానివల్ల శోషణ శిఖరం కూడా పక్కకి జరుగుతుంది.

ఏఓఏసీ అనే విశ్లేషణ సంస్థ ప్రమాణంగా పెట్టిన 2005.02 పద్ధతిలో నమూనా వాటా మొత్తం ఘనపరిమాణంలో 20 శాతం దాటకూడదని పెట్టింది ఇందుకే. మీరిలా చేయండి:

పీహెచ్ 1.0 బఫర్: పొటాషియం క్లోరైడ్ 1.86 గ్రాములు, సుమారు 980 మి.లీ. నీళ్ళలో. గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో మీటర్ చూస్తూ 1.0కి తెచ్చి (6.3 మి.లీ. అటూ ఇటూ పడుతుంది) లీటరుకి సరిచేయాలి.

పీహెచ్ 4.5 బఫర్: సోడియం అసిటేట్ ట్రైహైడ్రేట్ 54.43 గ్రాములు, 960 మి.లీ. నీళ్ళలో. అదే ఆసిడ్ దాదాపు 20 మి.లీ. పడుతుంది. తర్వాత లీటరుకి. ట్రైహైడ్రేట్ కాకుండా నీరులేని అసిటేట్ సీసా తీస్తే అంతే బరువుకి గాఢత ఒకటిన్నర రెట్లు పైనే అవుతుంది, లేబుల్ చదవండి.

ఎక్స్‌ట్రాక్ట్ 0.5 మి.లీ., బఫర్ 4.5 మి.లీ. పది రెట్ల పలచన. కలిపాక 20 నిమిషాలు ఆగి, 50 నిమిషాలు దాటకుండా 520, 700 రెండూ చదవాలి. రీడింగ్ 0.2 నుంచి 1.4 మధ్య ఉండాలి. మీ 2.31 అంటే డిటెక్టర్‌కి చేరిన వెలుతురు అర శాతం. దాన్ని నమ్మి కోర్సులో మార్కులు వేసుకోవచ్చేమో గానీ లెక్క కట్టలేం.

పలచన ఎంతో ముందు పీహెచ్ 1.0 బఫర్‌తో తేల్చుకుని, అదే పలచన 4.5కి కూడా వాడాలి. రెంటికీ వేర్వేరు పాళ్ళు పెడితే తీసివేతకి అర్థమే ఉండదు.

నల్లమల_పండు:
ధన్యవాదాలు బాబాయ్ గారూ. రేపు చేసి చూస్తాం. 700 రీడింగ్ ఎందుకు?

కువెట్:
మసక కోసం. 700 దగ్గర ఆంథోసయనిన్‌కి శోషణ ఉండదు. అక్కడ ఏదైనా కనపడితే అది తేలే గుజ్జు, పెక్టిన్, టానిన్ మసక. వాక్కాయతో మీకు ఇది తప్పకుండా వస్తుంది, దానిలో పెక్టిన్ ఎక్కువ, ఆల్కహాల్ తగలగానే జిగురులా విడిపోతుంది. ఫిల్టర్ పేపరు మీద పోస్తే గంటసేపు చుక్కచుక్కగా దిగుతుంది. సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోండి.

తీసివేత మసకను కొంతవరకే సరిచేస్తుంది. 700 దగ్గర 0.05 దాటితే నేనైతే ఆ కువెట్ పారబోసి మళ్ళీ తిప్పుతాను.

పాలమూరు_పోరడు:
అన్నా, నాది గూడ ఇసొంటి పనే, పరికి పండ్ల మీద. గింజతోటి సహా మిక్సీల ఏస్తున్నం, చిన్న పండు గద, గుజ్జు తీసుడు కష్టం. నడుస్తదా?

సీ18:
నడవదు తమ్ముడూ. గింజ నలిగితే అందులోని ఫినాల్స్ గుజ్జు లెక్కలో కలుస్తాయి. నేరేడుకైతే మరీ ప్రమాదం: గింజ నిండా ఎల్లాజిటానిన్లు, గాలిక్ ఆసిడ్ సంబంధిత పదార్థాలు. మొత్తం పాలీఫినాల్స్ ఎక్కడికో పోతాయి, ఆంథోసయనిన్ మాత్రం పెరగదు. ఇలాంటి జంట అంకెలు కనిపిస్తే గింజ నలిగిందేమోనని ముందు అనుమానించాలి.

పండ్లు కోసిన వెంటనే మంచు పెట్టెలో పెట్టి, అదే రోజు మైనస్ 20 లేదా అంతకంటే చల్లగా గడ్డకట్టించాలి. తీసేటప్పుడు కరగనివ్వకండి. కరిగితే కణాలు పగిలి పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైము రంగుకి అందుబాటులోకి వస్తుంది, గోధుమరంగు తిరగడం మొదలవుతుంది. గట్టిగా ఉండగానే ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తితో గుజ్జు గీకి, అలాగే తూచి, చల్లని ఆమ్ల ద్రావణిలో వేసేయాలి. ఆసిడ్, ఆల్కహాల్ తగిలాక ఎంజైము పని అయిపోయినట్టే.

ఇనప కత్తి వద్దు. నేరేడు ఆంథోసయనిన్లలోని డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్‌లకి అణువులోని బి-వలయంలో పక్కపక్కన హైడ్రాక్సిల్స్ ఉంటాయి, అవి ఇనుముని పట్టుకుని నీలిరంగుకి తిరుగుతాయి. మాల్విడిన్‌కి ఆ జంట లేదు కాబట్టి అది పట్టుకోదు. టానిన్లు సరేసరి, ఇనుముతో సిరా.

ఇంకో మాట: గుజ్జు, తొక్క కలిపి చేశారా, విడిగా చేశారా, తాజా బరువా, ఎండు బరువా అన్నది పట్టిక తలమీదే రాయండి. నేరేడు గుజ్జులో నీరు 80 శాతం పైనే. ఎండు బరువు మీద రాసిన అంకె తాజా బరువు అంకెకి అయిదారు రెట్లు కనపడుతుంది. ఇద్దరి ఫలితాలు పక్కపక్కన పెట్టి "మా అడవి రకంలో ఆరు రెట్లు ఎక్కువ" అని రాసిన రిపోర్టులకి మూలం చాలాసార్లు ఇదే.

నల్లమల_పండు:
మీరు చెప్పినట్టు 0.5 కి 4.5 కలిపి చదివాం. పీహెచ్ 1.0లో 520 దగ్గర 0.742, 700 దగ్గర 0.018. పీహెచ్ 4.5లో 0.121, 0.016. ఇప్పుడు రంగు పోయింది! లెక్క ఒకసారి సరిచూస్తారా?

బఫర్_బాబాయ్:
బాగుంది.

(0.742 − 0.018) − (0.121 − 0.016) = 0.724 − 0.105 = 0.619

దాన్ని సయానిడిన్-3-గ్లూకోసైడ్ అణుభారం 449.2తోనూ, పలచన 10తోనూ, 1000తోనూ గుణించి, మోలార్ శోషణ గుణకం 26,900తో భాగించాలి. కువెట్ మందం 1 సెం.మీ. వచ్చేది లీటరుకి 103.4 మి.గ్రా. మీ ఎక్స్‌ట్రాక్ట్ 50 మి.లీ., అంటే 5.17 మి.గ్రా. అది 5 గ్రాముల గుజ్జు నుంచి వచ్చింది కాబట్టి 100 గ్రాముల తాజా గుజ్జుకి 103 మి.గ్రా.

చాలామంది ఇక్కడ లీటరుకి వచ్చిన అంకెనే పండు అంకెగా రాసేస్తారు. మీ విషయంలో 5 గ్రాములు, 50 మి.లీ. కావడంవల్ల రెండూ ఒకేలా కనపడుతున్నాయి, యాదృచ్ఛికం. రేపు 2 గ్రాములు తీసుకుంటే బోల్తా పడతారు.

సీ18:
ఆ 103 తర్వాత "సయానిడిన్-3-గ్లూకోసైడ్ సమానంగా" అని రాయడం మరవకండి. నేరేడులో ప్రధానంగా ఉండేవి డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్‌ల 3,5-డైగ్లూకోసైడ్లు. సయానిడిన్ సంబంధమైనవి తక్కువ. అదే శోషణని మాల్విడిన్-3-గ్లూకోసైడ్ అంకెలతో (493.2, 28,000) లెక్కిస్తే అయిదు శాతం పైచిలుకు ఎక్కువ వస్తుంది. పండు మారలేదు, భాగహారం మారింది.

400 నుంచి 700 దాకా స్కాన్ కూడా తీయండి. డైగ్లూకోసైడ్లయితే 440 దగ్గర ఉండే చిన్న భుజం, శిఖరంతో పోలిస్తే 3-గ్లూకోసైడ్లలో ఉండేదానికి సగం దాకా తగ్గుతుంది. హెచ్‌పీఎల్‌సీకి (పదార్థాలని కాలమ్‌లో విడదీసే యంత్రం) డబ్బు పెట్టేముందు ఉచితంగా దొరికే సూచన ఇది.

నల్లమల_పండు:
మేడమ్, హెచ్‌పీఎల్‌సీ పక్క విభాగంలో ఉంది. వాళ్ళు 0.1 శాతం ఫార్మిక్ ఆసిడ్ వాడతారు. అదే పెట్టి ఒకసారి నడిపితే శిఖరాలు వెడల్పుగా, తోకలతో వచ్చాయి.

సీ18:
రావా మరి! 0.1 శాతంలో పీహెచ్ 2.7 దగ్గర ఉంటుంది. ఆ పీహెచ్‌లో ఆంథోసయనిన్ కాలమ్ లోపలే ఎర్ర రూపం నుంచి రంగులేని హెమికీటల్‌కి, మళ్ళీ వెనక్కి మారుతూ పోతుంది. ఒకే అణువు రెండు వేగాలతో నడిస్తే శిఖరం ఎలా సన్నగా వస్తుంది? ఆంథోసయనిన్లకి పీహెచ్ 2 కంటే కింద ఉండాలి. 5 శాతం ఫార్మిక్ పెట్టండి, ద్రాక్ష, వైన్ పనిలో 10 శాతం కూడా మామూలే. ముందు మీ సీ18 కాలమ్ ఎంత తక్కువ పీహెచ్ తట్టుకుంటుందో దాని కాగితంలో చూడండి, పని అయ్యాక నీరు, అసిటోనైట్రైల్‌తో బాగా కడగండి. పక్క విభాగం వాళ్ళ కాలమ్ కదా, మళ్ళీ ఇవ్వాలి.

డయోడ్ ఎరే (ఒకేసారి అనేక తరంగదైర్ఘ్యాల్లో చదివే డిటెక్టర్) ఉంటే 520 ఆంథోసయనిన్లకి, 360 ఫ్లావొనాల్స్, ఎల్లాజిక్ ఆసిడ్‌కి, 320 కెఫీక్ లాంటి సిన్నమిక్ ఆమ్లాలకి, 280 గాలిక్‌కి. ఎల్లాజిక్‌ని 254 దగ్గర చూడాలని చాలాచోట్ల ఉంటుంది గానీ ఇంత ఫార్మిక్ పెట్టాక ఆ ప్రాంతంలో బేస్‌లైన్ గ్రేడియంట్‌తో పాటు కదులుతుంది, 360 చాలు.

ఫిల్టరు నైలాన్ వాడకండి. నైలాన్ పాలీఫినాల్స్‌ని, ముఖ్యంగా టానిన్లని పట్టేసుకుంటుంది. పీవీడీఎఫ్ గానీ, నీటికి సరిపోయే పీటీఎఫ్ఈ గానీ 0.45 మైక్రాన్లది తీసుకుని, మొదటి పది పదిహేను చుక్కలు పారబోయండి. వాడిన నైలాన్ ఫిల్టరు ఊదారంగులో మెరుస్తుంటే మీ ఫలితం సగం అక్కడే ఉందన్నమాట.

ఎల్‌సీ-ఎంఎస్ (విడదీసి అణువుల ద్రవ్యరాశి చూసే యంత్రం) దొరికితే పని సులువు. డెల్ఫినిడిన్ డైగ్లూకోసైడ్ 627 దగ్గర వచ్చి 465, 303గా విరుగుతుంది. పెట్యూనిడిన్ 641, 479, 317. మాల్విడిన్ 655, 493, 331. ప్రతి మెట్టులో పోయే 162 ఒక గ్లూకోజ్. ఇంకో హెక్సోజ్ చక్కెరైనా 162నే చూపిస్తుంది కాబట్టి ఒక్క ద్రవ్యరాశి చూసి "గ్లూకోసైడ్" అని తేల్చేయకండి.

స్టాండర్డ్ కొంటే అది క్లోరైడ్ లవణంగా వస్తుంది. సయానిడిన్-3-గ్లూకోసైడ్ క్లోరైడ్ అణుభారం 484.8, మనకి కావలసిన అయాన్ 449.4. అంటే 10 మి.గ్రా. తూస్తే అసలు సరుకు 9.27 మి.గ్రా. ఏడు శాతం తప్పు కాటా దగ్గరే మొదలవుతుంది.

కువెట్:
ఎక్స్‌ట్రాక్ట్‌ని రోటరీలో (ద్రావణిని ఆవిరి చేసే యంత్రం) ఆరబెడుతున్నారా? 1 శాతం హైడ్రోక్లోరిక్‌తో మాత్రం వద్దు. మెథనాల్ ముందు ఎగిరిపోతుంది, నీరు, ఆసిడ్ అడుగున మిగిలి గాఢమవుతాయి, చక్కెరలు ఊడిపోతాయి. చక్కెర ఉన్న గ్లైకోసైడ్ పెట్టి చక్కెర లేని ఆగ్లైకోన్ తీసుకున్నట్టవుతుంది. హైడ్రోక్లోరిక్ 0.1 శాతానికి దించండి లేదా ఫార్మిక్‌కి మారండి. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి.

పాలమూరు_పోరడు:
మొత్తం పాలీఫినాల్స్ కొలిచే ఫోలిన్ పరీక్ష సంగతి గూడ చెప్పుర్రి. మా దాంట్ల పరికి పండు కన్న ఉసిరికాయ మస్తు ఎక్కువ చూపిస్తున్నది. నిజమేనా?

బఫర్_బాబాయ్:
ఉసిరిలో పాలీఫినాల్స్ ఎక్కువే, అది నిజం. కానీ ఫోలిన్-సియోకాల్చు కారకం ఫినాల్‌ని మాత్రమే చూడదు, ఎలక్ట్రాన్ ఇచ్చే ఎవర్నైనా చూస్తుంది. ఉసిరిలో విటమిన్ సి దండిగా ఉంటుంది, అదీ ఆ నీలంలో వాటా తీసుకుంటుంది. దాన్ని విడదీయాలంటే ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంత భాగాన్ని పాలీఫినాల్స్‌ని పట్టుకునే పీవీపీపీ పొడితో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పాలీఫినాల్స్ పోయిన పైతేటకి మళ్ళీ ఫోలిన్ చేయండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేయండి. మిగిలినదే ఫినాల్స్.

పాళ్ళు: నమూనా 20 మైక్రోలీటర్లు, నీరు 1.58 మి.లీ., ఫోలిన్ కారకం 100 మైక్రోలీటర్లు. కలిపి అర నిమిషం నుంచి ఎనిమిది నిమిషాల లోపు సోడియం కార్బొనేట్ ద్రావణం 300 మైక్రోలీటర్లు. 20 డిగ్రీల దగ్గర రెండు గంటలు లేదా 40 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి 765 దగ్గర చదవాలి. స్టాండర్డ్ గాలిక్ ఆసిడ్, లీటరుకి 50 నుంచి 500 మి.గ్రా. దాకా. ముందు కార్బొనేట్ వేసి తర్వాత ఫోలిన్ వేస్తే పని చెడుతుంది: క్షారంలో కారకం త్వరగా విరిగిపోతుంది, ఫినాల్‌తో కలిసే లోపే సగం అయిపోతుంది. కారకం సీసా పసుపుపచ్చగా ఉండాలి. ఆకుపచ్చ తిరిగితే లోపల ఏదో పడి కొంత ఇప్పటికే క్షయకరణం చెందిందని అర్థం, అది వాడొద్దు.

కువెట్:
డీపీపీహెచ్ ప్రశ్న మిగిలిపోయింది. డీపీపీహెచ్ చదివేది 517 దగ్గర. మీ పండు రంగు 520 దగ్గర. ఊదా రంగు తగ్గుతోందా అని చూస్తున్న చోటే మీరు ఎర్ర రంగు పోస్తున్నారు. ఎక్స్‌ట్రాక్ట్ పెంచేకొద్దీ ఆ రంగే పైచేయి అవుతుంది, అందుకే నిరోధం తగ్గినట్టు కనపడుతోంది.

దారులు రెండు. ప్రతి గాఢతకీ డీపీపీహెచ్ లేకుండా, మెథనాల్‌తో ఒక నమూనా బ్లాంక్ పెట్టి తీసేయండి. లేదా ఏబీటీఎస్ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ పరీక్షకి మారండి, అది 734 దగ్గర చదువుతారు, అక్కడ ఆంథోసయనిన్ అడ్డు రాదు. 7 మిల్లీమోలార్ ఏబీటీఎస్‌కి తుది గాఢత 2.45 మిల్లీమోలార్ అయ్యేలా పొటాషియం పర్‌సల్ఫేట్ కలిపి 12 నుంచి 16 గంటలు చీకట్లో ఉంచాలి. వాడేముందు శోషణ 0.70కి వచ్చేలా పలచన చేయండి.

నల్లమల_పండు:
మా గైడ్ గారు ఈ అంకెల ఆధారంగా "మధుమేహానికి మేలు" అని ముగింపులో రాయమంటున్నారు.

బఫర్_బాబాయ్:
కువెట్‌లో జరిగింది కువెట్ వరకే. అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల ఓరాక్ (యాంటీఆక్సిడెంట్ శక్తి కొలత) పట్టికని 2012లో తన సైటు నుంచి తీసేసింది, గాజు గొట్టంలో వచ్చే యాంటీఆక్సిడెంట్ అంకెకీ ఒంట్లో జరిగేదానికీ సంబంధం తేలనందువల్ల. ఆ ఒక్క మాట గైడ్ గారికి మర్యాదగా చూపించండి. పోల్చడానికి అంకెలు కావాలంటే జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో పాలీఫినాల్స్ విడివిడిగా ఉన్నాయి, ఏ బరువు మీద లెక్కో చూసుకుని వాడండి.

మొక్క నమూనా ఎండబెట్టి అట్టకి అతికించారా? ఆకు, పువ్వు, కాయతో సహా హెర్బేరియం నమూనా, దానికి సంఖ్య ఉండాలి. వాక్కాయ, కలివి పండు రెండూ కారిస్సా ప్రజాతివే, ఊళ్ళో ఒకదాని పేరు ఇంకోదానికి చెబుతారు. గుర్తింపు కోసం హైదరాబాదులోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్ని అడగవచ్చు.

ఒరెగాన్_తెలుగు:
ఆలస్యంగా చూశాను. ఈ పద్ధతికి ఇంకో ఉపయోగం ఉంది. యూరప్ అడవుల్లో కాసే బిల్‌బెర్రీ ఎక్స్‌ట్రాక్ట్ చాలా ఖరీదు. 2006లో ఒక పరిశోధనలో ఆ పేరుతో అమ్మిన పొడిలో అమరాంత్ అనే ఆజో రంగు దొరికింది. 520 దగ్గర ఒక్క రీడింగ్ తీసి ఊరుకుంటే అది ఆంథోసయనిన్ లాగే కనపడుతుంది. రెండు పీహెచ్‌లలో చదివితే ఆజో రంగు మారదు, తీసివేతలో మాయమైపోతుంది. బజారులో దొరికే నేరేడు పొడికీ, రసానికీ ఇదే పరీక్ష పనికొస్తుంది.

సీ18:
నిజమే, దానికి తోడు ఉన్ని దారం పరీక్ష కూడా చేయొచ్చు. జిడ్డు తీసిన తెల్ల ఉన్ని దారం, ఆమ్లం కలిపిన నమూనాలో పది నిమిషాలు మరిగించి, నీళ్ళతో కడిగి, పలచని అమ్మోనియాలో మరిగించాలి. దిగిన రంగుని మళ్ళీ ఆమ్లం చేసి కొత్త దారం వేయాలి. రెండో దారానికీ ఎక్కితేనే అది కృత్రిమ రంగు. ఆంథోసయనిన్ అమ్మోనియాలో మురికి పచ్చగా తిరిగి చెడిపోతుంది, రెండోదానికి ఎక్కదు.

రసం సీసాలయితే లేబుల్ మీద ప్రిజర్వేటివ్ చూడండి. నేరేడు, ఫాల్సా లాంటి రంగు పండ్ల రసాల్లో పొటాషియం మెటాబైసల్ఫైట్ వాడరు, రంగు తెల్లబారుతుంది కాబట్టి సోడియం బెంజోయేట్ వేస్తారు. సల్ఫైట్ వేసి కూడా ముదురు ఊదాగా మెరుస్తుంటే, దారం మరిగించడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

పాలమూరు_పోరడు:
మా ఊరి సంతల దొరికే నేరేడు పొడి రెండు రకాలు తెస్త, దారం పరీక్ష, పీహెచ్ రెండూ చేసి రీడింగులు ఈడనే పెడత.

కువెట్:
700 రీడింగ్ కూడా పెట్టు తమ్ముడూ.